పిప్పిపన్ను పోటు, ఊరంతా సెలవులు: ఇంట్లో పీకేసుకోవచ్చా?

ప్రశ్న క్లుప్తంగా ఇది. బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉండే ఇరవయ్యారేళ్ల అబ్బాయి అడిగారు. ఎడమవైపు కింది దవడ పన్నుకి పెద్ద పుచ్చు ఉంది, రెండు రాత్రులుగా నిద్ర లేదు. ఆయుధపూజ, విజయదశమి, వెంటనే శనాదివారాలు రావడంతో చుట్టుపక్కల క్లినిక్‌లన్నీ మూసి ఉన్నాయి. మొహం వాపు గానీ జ్వరం గానీ లేదు, చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటోందట, పడుకుంటే పోటు పెరుగుతోందట. రూమ్మేట్ బైక్ టూల్‌కిట్‌లోంచి ప్లయర్స్ తీసి 'వేడినీళ్లలో మరిగించి పీకేద్దాం' అంటున్నాడట. ఊళ్లో అమ్మమ్మ దారం కట్టి పీకేదట. కాబట్టి పీకే పద్ధతి, మత్తుకు వాడాల్సినది, వేసుకోవాల్సిన మాత్ర చెప్పమన్నారు.

పీకకండి. ప్లయర్స్ మళ్లీ టూల్‌కిట్‌లో పెట్టించండి. నేను ఇదే ఊళ్లో డెంటిస్టుగా చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను, మాది అనంతపురం వైపు. పండగ సెలవులు అయిపోయిన మర్నాడు మా దగ్గరికి ఎలాంటి కేసులు వస్తాయో నాకు బాగా తెలుసు. ఈ నాలుగు రోజులు మీకు కావలసింది నొప్పి తగ్గడం. పన్ను పోవడం కాదు. నొప్పి తగ్గించుకోవడం గదిలో కూర్చునే చాలావరకు చేసుకోవచ్చు. పన్ను తీయడం గదిలో చేసే పని కాదు, అది ఎందుకో కింద వివరంగా రాస్తాను.

అన్నిటికన్నా ముందు ఒక పని చేయండి. ఫోన్ టార్చ్ వేసుకుని అద్దం ముందు నిలబడండి. నోరు తెరిచి మీ మూడు వేళ్లు ఒకదాని మీద ఒకటిగా నిలువునా పైపళ్లకీ కిందిపళ్లకీ మధ్య పట్టించండి. పడితే మంచిదే. ఒక్క వేలు కూడా పట్టనంతగా దవడ బిగుసుకుపోయి ఉంటే ఇన్‌ఫెక్షన్ పన్ను దాటి కండరాల వైపు పాకుతోందని అనుమానించాలి. తర్వాత నాలుక పైకెత్తి కింది భాగం చూడండి. అది ఉబ్బి నాలుకను పైకి తోస్తోందా? గడ్డం కింద, దవడ ఎముక కింది అంచున వేళ్లతో నొక్కి చూడండి, గట్టిగా చెక్కలా తగులుతోందా? ఒక గుక్క మంచినీళ్లు మింగండి, దిగుతున్నాయా? మాట ముద్దగా వస్తోందా, చొంగ కారుతోందా, ఊపిరి ఆడటం కష్టంగా ఉందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇక నా సమాధానం చదువుతూ కూర్చోకండి. 108కి ఫోన్ చేయండి, లేదా ఆటో ఎక్కి దగ్గర్లోని పెద్ద ఆసుపత్రి క్యాజువాల్టీకి వెళ్లండి. దారిలో వెల్లకిలా పడుకోకుండా నిటారుగా కూర్చోండి. కింది దవడ పళ్ల నుంచి ఇన్‌ఫెక్షన్ నాలుక కిందికి, మెడలోకి దిగితే దాన్ని లుడ్విగ్స్ ఆంజైనా అంటాం. వాపు గాలిదారిని మూసేస్తుంది. పన్ను నొప్పితో ప్రాణం పోతుందా అని నవ్వేవాళ్లుంటారు. పోయే దారి ఇదే. పైపన్ను నుంచి వాపు కంటిదాకా ఎక్కి రెప్ప మూసుకుపోయినా అదే తొందర, రేపు చూద్దాం అనుకోకూడదు.

మీ వివరాలను బట్టి అలాంటిదేమీ లేదు. జ్వరం లేదు, మొహం వాపు లేదు, చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటోంది, పడుకోగానే పోటు పెరుగుతోంది. అంటే పన్ను లోపలి గుజ్జు వాచింది. దాన్ని పల్ప్ అంటాం, మామూలుగా అందరూ నరం అనేది దీన్నే. శరీరంలో మిగతా చాలా చోట్ల వాచినా చర్మం సాగి చోటిస్తుంది. పన్ను లోపల చుట్టూ గట్టి గోడ, సాగే వీలు లేదు, అందుకే అంత సలుపు. పడుకుంటే తలవైపు రక్తపు ఒత్తిడి పెరుగుతుంది, గుండె కొట్టుకున్నప్పుడల్లా పన్నులో పోటు తెలుస్తుంది. కాబట్టి రాత్రి రెండు మూడు దిండ్లు పెట్టుకుని తల ఎత్తులో ఉంచి పడుకోండి. చిన్న విషయంలా ఉంటుంది గానీ చాలామందికి నిద్ర పట్టించేది ఇదే.

ఇక మాత్రలు. ఇతర జబ్బులేమీ లేని పెద్దవాళ్లకి పన్ను నొప్పికి బాగా పనిచేసే జోడీ ఐబూప్రోఫెన్, పారాసిటమాల్. ఐబూప్రోఫెన్ వాపు ఉన్నచోటే పనిచేస్తుంది, పారాసిటమాల్ ఎక్కువగా మెదడు వైపు నుంచి నొప్పిని తగ్గిస్తుంది. రెండూ కలిస్తే విడివిడిగా కన్నా ఎక్కువ ఫలితం ఉంటుంది. బ్రూఫెన్ 400 (ఐబూప్రోఫెన్) ఒకటి, డోలో 650 (పారాసిటమాల్) ఒకటి, ఏదైనా తిన్న తర్వాత వేసుకోండి. (డోలో తయారుచేసే మైక్రో ల్యాబ్స్ మన బెంగళూరు కంపెనీయే, కరోనా రోజుల్లో అది లేని ఇల్లు లేదు.) రాత్రి 9కి వేసుకుంటే మళ్లీ తెల్లవారుజామున 5కి, ఆపైన మధ్యాహ్నం 1కి. ఎనిమిది గంటల ఎడం. ఆ లెక్కన రోజుకి ఐబూప్రోఫెన్ 1200 మిల్లీగ్రాములు, పారాసిటమాల్ 1950. డాక్టర్ చెప్పకుండా ఐబూప్రోఫెన్ 1200 దాటకూడదు, పారాసిటమాల్ 3 గ్రాముల లోపు ఉంచితే కాలేయానికి ఇబ్బంది ఉండదు. నొప్పి తారస్థాయికి చేరాక మాత్ర మింగితే అది పట్టుకునేసరికి గంట పడుతుంది. అందుకే తగ్గినట్టు అనిపించినా మొదటి రోజు టైముకి వేసుకోండి. రెండు మూడు రోజులు మాత్రమే. అప్పటికీ డాక్టర్ దొరకకపోతే దొరికే చోటికి వెళ్లాలి తప్ప స్ట్రిప్ మీద స్ట్రిప్ కొనకూడదు.

ఇక్కడ జనం ఎక్కువగా తడబడేది పేర్ల దగ్గర. కాంబిఫ్లామ్‌లో ఐబూప్రోఫెన్ 400, పారాసిటమాల్ 325 రెండూ ఉన్నాయి. కాంబిఫ్లామ్ వేసుకుని, తగ్గలేదని పైన బ్రూఫెన్ వేసుకుంటే ఒకే మందు రెండుసార్లు వేసుకున్నట్టు. జీరోడాల్-పి అంటే ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్. అదీ ఐబూప్రోఫెన్ జాతిదే, రెండూ కలపకూడదు. కీటోరాల్-డీటీ నీళ్లలో కరిగించి తాగితే ఇట్టే తగ్గుతుందని ఆఫీసు డ్రాయర్లలో దాచుకునేవాళ్లు చాలామంది. పనిచేస్తుంది, కాదనను. కానీ అది కడుపు మీద, కిడ్నీల మీద చాలా గట్టి మందు, రక్తస్రావం ముప్పు పెంచుతుంది, ఐదు రోజులు మించి వాడకూడదు, ఈ జాతి ఇంకే మాత్రతోనూ కలపకూడదు. మెడికల్ షాపులో కాగితంలో చుట్టి రెండు తెల్లవి, ఒక గులాబీరంగుది కలిపి ఇచ్చేస్తారు చూడండి, అది మాత్రం ససేమిరా తీసుకోకండి. అందులో స్టెరాయిడ్ ఉందో, మీకు పడనిదేదైనా ఉందో ఎవరికీ తెలియదు. స్ట్రిప్ అడగండి, పేరు చదవండి.

ఐబూప్రోఫెన్ అందరికీ కాదు. కడుపులో పుండు ఉన్నవాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, నొప్పి మాత్రలతో ఆయాసం వచ్చే ఉబ్బస రోగులు, రక్తం పల్చబరిచే మందులు వాడేవాళ్లు, గర్భిణులు దీని జోలికి వెళ్లకూడదు. వాళ్లు పారాసిటమాల్‌తో సరిపెట్టుకుని డాక్టర్‌కి ఫోన్ చేయాలి. ఇంకొకటి, వానలు పడి దోమలు పెరిగిన రోజుల్లో పన్ను నొప్పితో పాటు జ్వరం, ఒళ్లునొప్పులు ఉంటే అది డెంగీ కూడా కావచ్చు. డెంగీలో ఐబూప్రోఫెన్, ఆస్పిరిన్ రెండూ ప్రమాదం. తేలేదాకా పారాసిటమాల్ ఒక్కటే. మాత్ర వేసుకున్న రోజు మద్యం తాగకండి. విస్కీ పుక్కిలిస్తే మొద్దుబారుతుందని మీ రూమ్మేట్ అంటే, అతన్ని పుక్కిలించుకోమనండి.

లవంగ నూనె నిజంగా పనిచేస్తుంది. అందులోని యూజెనాల్ నరాన్ని కాసేపు మొద్దుబారుస్తుంది. మేం వాడే తాత్కాలిక ఫిల్లింగుల్లో జింక్ ఆక్సైడ్‌తో కలిపే ద్రవం ఇదే. కానీ వాడే పద్ధతి ముఖ్యం. ముందు ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి మెల్లగా పుక్కిలించండి. మెత్తని బ్రష్‌తో, ఉంటే ఫ్లాస్ దారంతో పుచ్చులో ఇరుక్కున్న అన్నం మెతుకో కొబ్బరి పీచో తీసేయండి. కొందరికి ఈ పని చేయగానే నొప్పి కొంత తగ్గుతుంది, ఆహారం గుచ్చుకుని ఉండటమే కారణం. తర్వాత మినపగింజంత దూది ఉండ చేసి, ఒక్క చుక్క నూనెలో ముంచి, కాగితం మీద అద్ది ఎక్కువైన నూనె తీసేసి, ట్వీజర్‌తో సరిగ్గా పుచ్చు గుంతలో పెట్టండి. చిగురుకి తగలకూడదు, బుగ్గకి తగలకూడదు. నేరుగా సీసాలోంచి పోసుకుంటే తెల్లగా పొక్కి కాలిపోతుంది. పది పదిహేను నిమిషాల తర్వాత తీసేయండి, అవసరమైతే కొన్ని గంటలాగి మళ్లీ పెట్టండి. నూనె లేకపోతే వంటింటి లవంగం ఒకటి ఆ పన్ను దగ్గర పెట్టి మెల్లగా నలపండి. చిన్నపిల్లలకి మాత్రం ఈ నూనె వద్దు, కొద్దిగా మింగినా హాని.

బుగ్గ మీద బయటనుంచి చల్లటి కాపడం పెట్టండి. ఐస్‌ని రుమాల్లో చుట్టి పదిహేను నిమిషాలు, ఆపి, మళ్లీ. మనవాళ్లకి వేడి కాపడం అలవాటు. ఉప్పు మూట వేయించి పెడతారు. ఇన్‌ఫెక్షన్ ఉన్నచోట వేడి పెడితే వాపు పెరుగుతుంది, కాబట్టి వద్దు. వేడి కాఫీ తాగితే పోటు పెరిగి, చల్లనీళ్లు నోట్లో పట్టుకుంటే హాయిగా అనిపిస్తోందా? అలాగైతే గుజ్జు చివరి దశలో ఉందని అర్థం. చల్లనీళ్ల బాటిల్ పక్కన పెట్టుకోండి, గుక్క గుక్కగా పట్టుకుంటూ ఉండండి.

పన్ను మీద పెట్టకూడనివి: ఆస్పిరిన్ మాత్ర నలిపి చిగురు మీద పెడతారు, అది ఆమ్లం, చిగురు కాలి తోలు ఊడుతుంది. జర్దా, నశ్యం, కర్పూరం, పెట్రోల్ దూది, తలనొప్పి బామ్ ఇవన్నీ నేను రోగుల నోళ్లలో చూసినవే. ఊడిన క్యాప్‌ని ఫెవిక్విక్‌తో అతికించుకుని వచ్చేవాళ్లు కూడా ఉన్నారు. ఐటీ కారిడార్ చదువుకున్నవాళ్లలో ఇది తక్కువేమీ కాదు! క్యాప్ ఊడితే డబ్బాలో వేసి దాచుకుని రండి, చాలాసార్లు అదే మళ్లీ పెట్టేయొచ్చు.

'అమాక్సిసిలిన్ కోర్సు వేసేసుకుంటే పోదా' అని కూడా అడిగారు. మీకున్న దశలో పోదు. లోపలి గుజ్జు వాచినప్పుడు యాంటీబయాటిక్ నొప్పి తగ్గించదు, ఎందుకంటే సమస్య ఒత్తిడి. వాచిన గుజ్జులోకి రక్తప్రసరణే సరిగా ఉండదు, మందు చేరేది తక్కువ. మొహం వాచి, జ్వరం వచ్చి, చీము చుట్టుపక్కలకి వ్యాపిస్తున్నప్పుడు దాని అవసరం ఉంటుంది, అదీ పన్నుకి చికిత్సతో పాటు. పెన్సిలిన్ పడనివాళ్లకి అమాక్సిసిలిన్ ప్రాణాంతకం కావచ్చు. మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ వేసుకుని మద్యం తాగితే వాంతులు కావచ్చు. ఇవి షాపతను చెప్పడు.

ఇప్పుడు పీకడం సంగతి. పన్ను గోడలో కొట్టిన మేకు కాదు, పట్టుకుని లాగితే వచ్చేయడానికి. ఎముక గుంతలో పన్ను వేర్ల చుట్టూ సన్నని నారపోగులు ఉంటాయి, వేల పోగులు, అవి పన్నును ఎముకకు కట్టి ఉంచుతాయి. కింది దవడ పన్నుకి సాధారణంగా రెండు వేర్లు, పైదానికి మూడు, ఒక్కోసారి వంకర తిరిగి ఉంటాయి. మేం పన్నును పైకి లాగం. ముందు ఎలివేటర్ అనే పనిముట్టును పన్నుకీ ఎముకకీ మధ్య దూర్చి పోగులు తెంపుతాం. తర్వాత ఫోర్సెప్స్‌ను చిగురు కిందికి, వేరు మొదట్లో పట్టించి, పన్నును బుగ్గవైపు, నాలుకవైపు మెల్లగా ఊపుతూ గుంతను వెడల్పు చేస్తాం. ఎముక కొద్దిగా సాగి దారిచ్చాక పన్ను వస్తుంది. అప్పటికీ రాకపోతే డ్రిల్లుతో పన్నును రెండు ముక్కలు చేసి ఒక్కో వేరూ విడిగా తీస్తాం. ఇదంతా ఎక్స్‌రే చూసుకుని.

ప్లయర్స్ పట్టేది పన్ను పైభాగాన్ని మాత్రమే. మీ పన్ను ఇప్పటికే సగం పుచ్చింది, లోపల డొల్ల. పట్టి బిగించగానే పెంకు పగిలి చేతికొస్తుంది, వేర్లు రెండూ లోపలే ఉంటాయి, పైన నరం తెరుచుకుంటుంది. ఇప్పుడున్న నొప్పి అప్పుడు గుర్తుకు తెచ్చుకుంటే ముద్దొస్తుంది. అలా విరగ్గొట్టుకుని వచ్చిన ఒకాయనకి నేను చిగురు కోసి, ఎముక కొంచెం తీసి వేర్లు పైకి తేవాల్సి వచ్చింది. మొదటే వచ్చి ఉంటే క్లినిక్‌లో పావుగంటలో అయ్యే పని అది. జారిన ప్లయర్స్ నాలుక కింద గుచ్చుకుంటే అక్కడ రక్తనాళాలు ఉన్నాయి. ఊడిన ముక్క గొంతులోకి జారితే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పై దవడ పళ్ల వేర్ల పైనే సైనస్ గాలిగది ఉంటుంది, పల్చని ఎముక అడ్డం, అది పగిలితే నోట్లో పోసుకున్న నీళ్లు ముక్కులోంచి వస్తాయి. కింది జ్ఞానదంతం వేరు పక్కనే పెదవికి స్పర్శనిచ్చే నరం పోతుంది, అది దెబ్బతింటే పెదవి, గడ్డం మొద్దుబారి ఉండిపోవచ్చు.

ఇంకో చిక్కుంది, దీని గురించి ఎవరూ ఆలోచించరు. అసలు నొప్పి ఏ పన్నుదో మీకు కచ్చితంగా తెలుసా? గుజ్జు వాచినప్పుడు మెదడు చోటు సరిగ్గా గుర్తుపట్టలేదు. పైపన్నులో సమస్య ఉంటే కిందిపన్ను గుంజినట్టు, చెవిలో పోటులా అనిపించడం మాకు రోజూ కనిపించేదే. అందుకే మేం పన్ను పన్నుకీ తట్టి, చల్లదనం పెట్టి, ఎక్స్‌రే తీసి గానీ చెయ్యి వేయం. సైనస్ జలుబు చేసినప్పుడు పై దవడ పళ్లన్నీ ఒకేసారి లాగుతాయి, ఒక్కదానికీ పుచ్చు ఉండదు. నడిస్తే, మెట్లెక్కితే కింది దవడ ఎడమవైపు పట్టేసి, చెమటలు పట్టి, ఆగితే తగ్గుతోందా? వయసు మళ్లినవాళ్లలో అది గుండెది కావచ్చు. ఆ నొప్పితో డెంటిస్టు దగ్గరికి కాదు, క్యాజువాల్టీకి వెళ్లాలి.

మత్తు సంగతి. మేం వాడేది 2 శాతం లిగ్నోకెయిన్, కొద్దిగా అడ్రినలిన్ కలిపి, కింది దవడకైతే నరం ఎముకలోకి దూరే చోటు దగ్గర సూదితో. మెడికల్ షాపులో దొరికే నోటి పుండు జెల్ చిగురు పైపొరను మాత్రమే మొద్దుబారుస్తుంది, పన్ను లోపలికి పోదు. చీము పట్టినచోట ఆమ్లం ఎక్కువై మా ఇంజెక్షనే సరిగా పనిచేయదు, అలాంటిది జెల్ ఎంత!

అమ్మమ్మగారి దారం గురించి. ఆవిడ తప్పు చేయలేదు. ఆవిడ పీకింది పాలపన్ను. ఆరేడేళ్ల వయసులో కింద నుంచి అసలు పన్ను తోసుకొస్తూ పాలపన్ను వేరును కొంచెం కొంచెంగా కరిగించేస్తుంది, చివరికి చిగురుని పట్టుకుని టోపీలా వేలాడుతుంటుంది. దారం కాదు, నాలుకతో తోసినా వస్తుంది. మీ పన్ను కింద తోసేవాళ్లెవరూ లేరు, వేర్లు నిండుగా ఉన్నాయి. అదే ఊళ్లో 'పన్ను పురుగు తీస్తాం' అని తిరిగేవాళ్లు ఉండేవారు కదా, పొగ వేసి చెంబులో తెల్లటి పురుగులు చూపించేవారు. పుచ్చులో పురుగులు ఉండవు. నోటిలోని బ్యాక్టీరియా తీపిని తిని ఆమ్లం వదులుతుంది, అది పన్నును తొలుస్తుంది, అంతే. బెంగళూరులోనూ కె.ఆర్. మార్కెట్ ఫుట్‌పాత్ మీద గొడుగు కింద పళ్లు పెట్టేవాళ్లు ఉండేవారు. వంద రూపాయలకి అవుతుందని అలాంటివాళ్ల దగ్గరికి ఎవరైనా తీసుకెళ్తానంటే వెళ్లకండి. శుద్ధి చేయని పనిముట్టుతో హెపటైటిస్ బి, సి తెచ్చుకోవచ్చు. చట్టం ప్రకారం రిజిస్టర్ అయిన డెంటిస్టులే ఈ పని చేయాలి.

నిజంగా డెంటిస్టు అందని చోటు అంటే ఏమిటో ఒక ఉదాహరణ చెప్తాను. 1977-78లో సాల్యూట్-6 అంతరిక్ష కేంద్రంలో యూరీ రొమనెంకో అనే సోవియట్ వ్యోమగామికి భయంకరమైన పన్ను నొప్పి వచ్చింది. భూమి మీదనుంచి వచ్చిన సలహా నోరు పుక్కిలించమని. ఆయన రోజుల తరబడి భరించి, భూమ్మీదికి వచ్చాకే చూపించుకున్నాడు. మీకు ఇంకా మెట్రో ఉంది.

ఆ మాటకొస్తే, బెంగళూరు అంతా మూసేశారనుకోవడమే పొరపాటు. మారతహళ్లి నుంచి వైట్‌ఫీల్డ్ దాకా క్లినిక్‌లు ఎన్నో. పండగపూట బోర్డు దించి ఉన్నా బయట రాసిన నంబర్‌కి ఫోన్ చేస్తే చాలామంది డాక్టర్లు ఎత్తుతారు, సాయంత్రం ఒక గంట తెరుస్తామనేవాళ్లు దొరుకుతారు. నాలుగైదు ఫోన్లు చేయాలి, అంతే. వైట్‌ఫీల్డ్‌లో వైదేహి, హొసూర్ రోడ్డు బొమ్మనహళ్లిలో ఆక్స్‌ఫర్డ్ లాంటి డెంటల్ కాలేజీలు ఉన్నాయి, పనిరోజుల్లో అక్కడ ఖర్చు ప్రైవేట్ క్లినిక్‌లకన్నా తక్కువ. అన్నిటికన్నా చవక విక్టోరియా ఆసుపత్రి ఆవరణలోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల. కుందలహళ్లిలో పర్పుల్ లైన్ ఎక్కి మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్‌కి మారి కె.ఆర్. మార్కెట్‌లో దిగితే నడిచి వెళ్లొచ్చు. ఓపీ పొద్దున్నే, క్యూ పొడుగ్గా ఉంటుంది, ఆధార్ పట్టుకుని తొందరగా వెళ్లండి. సెలవు రోజు ఓపీ ఉండదనుకోండి, అప్పుడు పెద్ద ఆసుపత్రులకి ఫోన్ చేసి 'మాక్సిల్లోఫేషియల్ సర్జన్ ఆన్ కాల్‌లో ఉన్నారా' అని అడగండి, అంటే నోరు, దవడలకి ఆపరేషన్లు చేసే డాక్టర్. ఈ ఒక్క ప్రశ్న రిసెప్షన్‌లో మీ ఫోన్‌ని సరైన చోటికి తిప్పుతుంది. వాపు, జ్వరం ఉంటే ఫోన్ కూడా వద్దు, నేరుగా క్యాజువాల్టీ.

ఇది చదివేవాళ్లలో కొందరి ఇంట్లో వేరే రకం సమస్య ఉండొచ్చు, అవి కూడా రాసేస్తాను. ఊరినుంచి వచ్చిన అమ్మకో నాన్నకో షుగర్ ఉండి, చిగుళ్లు అరిగి, పన్ను ఊగుతూ ఉంటుంది. వేళ్లతో పట్టి తిప్పితే వచ్చేలా ఉందని ముట్టుకోకండి. గుండెకి ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పల్చబరిచే మాత్రలు వాడుతుంటే రక్తం తొందరగా ఆగదు. అలాగని ఆ మాత్రలు మీరే ఆపేయడం ఇంకా ప్రమాదం. ఎముకలు గుల్లబారాయని జోలెడ్రోనిక్ లాంటి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లకి పన్ను తీసిన చోట దవడ ఎముక మానకుండా కుళ్లిపోయే ప్రమాదం ఉంది. గుండె వాల్వ్ మార్చినవాళ్లకి పన్ను తీసే ముందే యాంటీబయాటిక్ ఇవ్వాలి. ఈ వివరాలు డాక్టర్‌కి చెప్పాలి.

పన్ను దానంతట అదే ఊడిపోయి రక్తం కారుతుంటే: శుభ్రమైన గుడ్డను చిన్నగా మడిచి, తడిపి, గుంత మీద పెట్టి గట్టిగా కరిచి పట్టాలి. పూర్తిగా అరగంట. మధ్యమధ్యలో తీసి 'ఆగిందా' అని చూస్తే కట్టిన గడ్డ ఊడొస్తుంది, మళ్లీ మొదటికి. తడిపి పిండిన టీ బ్యాగ్ కూడా కరవొచ్చు, అందులోని టానిన్ రక్తం గడ్డకట్టడానికి సాయపడుతుంది. ఆ రోజంతా ఉమ్మడం, పుక్కిలించడం, స్ట్రాతో తాగడం, సిగరెట్ వద్దు. గుంతలో కట్టిన రక్తపు గడ్డ ఊడిపోతే ఎముక బయటపడి రెండు మూడు రోజుల తర్వాత చెవిదాకా లాగే నొప్పి వస్తుంది, దాన్ని డ్రై సాకెట్ అంటాం. సిగరెట్ తాగేవాళ్లకి ఎక్కువ. గంట కరిచి పట్టినా రక్తం ఆగకపోతే ఆసుపత్రికి.

ఇక బండి మీదనుంచి పడో, క్రికెట్ బంతి తగిలో మంచి పన్ను వేరుతో సహా ఊడొచ్చిందంటే మాత్రం పూర్తిగా వేరే కథ. అక్కడ ప్రతి నిమిషం లెక్కే. రింగ్ రోడ్డు మీద పడిన పన్నును వెతికి తెల్లటి పైభాగం పట్టుకుని తీయండి, వేరును ముట్టుకోకండి, రుద్దకండి. మట్టి అంటితే చల్లనీళ్ల కింద పది సెకన్లు కడిగి, గుంతలో సరిగ్గా అదే దిశలో మళ్లీ పెట్టేసి, రుమాలు కరిచి పట్టించండి. పెట్టే ధైర్యం లేకపోతే పక్కనే నందిని పాల ప్యాకెట్ కొని ఆ పాలలో వేయండి. పాలు లేకపోతే, పెద్దవాళ్లయితే బుగ్గలో పెట్టుకుని రావొచ్చు. మామూలు నీళ్లలో వేయకండి, కాగితంలో చుట్టకండి. పొడిగా గంట దాటితే వేరు మీది జీవకణాలు చచ్చిపోతాయి, పన్ను అతికే అవకాశం బాగా పడిపోతుంది. ఇది అసలు పళ్లకి మాత్రమే. పాలపన్ను ఊడితే మళ్లీ పెట్టకూడదు, కింద పెరుగుతున్న పన్ను దెబ్బతింటుంది.

మీ దగ్గరికే వస్తే, మీ పన్ను పీకాల్సిన పన్నే అని ఇంకా ఎవరూ తేల్చలేదు. పైన డ్రిల్లుతో చిన్న రంధ్రం చేసి లోపలి గుజ్జు తీసేస్తే ఆ ఒత్తిడి అక్కడికక్కడే దిగిపోతుంది. కుర్చీలోనే 'అబ్బా' అని ఊపిరి వదిలేవాళ్లని రోజూ చూస్తాం. తర్వాత రూట్ కెనాల్ పూర్తిచేసి క్యాప్ వేస్తే ఇరవయ్యారేళ్ల వయసులో ఒక దవడ పన్ను మిగులుతుంది. పీకేస్తే పక్కపళ్లు వాలిపోతాయి, పైపన్ను కిందికి దిగుతుంది, ఇంప్లాంట్‌కి రూట్ కెనాల్‌కన్నా చాలా ఎక్కువ ఖర్చవుతుంది.

డాక్టర్ దొరికాక వెళ్లేటప్పుడు ఏ మాత్ర ఏ టైముకి వేసుకున్నారో ఫోన్‌లో రాసి తీసుకెళ్లండి, ఖాళీ స్ట్రిప్‌లు కూడా. ఏ మందు పడదో ముందే చెప్పండి. ఖాళీ కడుపుతో మాత్రం వెళ్లకండి, మత్తు సూదికి కళ్లు తిరిగి పడేవాళ్లలో ఎక్కువమంది నొప్పి వల్ల పొద్దుటినుంచీ ఏమీ తిననివాళ్లే. రెండు ఇడ్లీలు కుడివైపు నమిలి వెళ్లండి.